మామ విప్పాల్సిన నోరు

మన దేశంలో మాంసం తినకుండా బతకడం ఏమంత కష్టం అని అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు అనేది ఓటళ్ళ గురించి. ఓటళ్ళకేం, తిరువళ్ళూరు బస్టాండు నుంచి రైల్వే స్టేషను దాకా నడిస్తే 'సైవం' అని బోర్డు కట్టినవి నాలుగైదు తగులుతాయి. మా వైపు మాంసం కలవని తిండిని సైవం అంటారు, అది తినే మనిషినీ సైవం అనే అంటారు. కష్టమంతా ఇంట్లో. సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య, అందరి కంచాల్లో ఒకటి, నీ కంచంలో ఇంకొకటి. నేను అయిదో ఏట నుంచి అలా తిన్నాను. నేను కోరుకున్నది కాదు, నా తరఫున ఇంకొకరు మొక్కుకున్నది. నా వాళ్ళతో ఒక వరసలో కూర్చుని, వాళ్ళు తినేదే నేనూ తినాలన్నది తప్ప ఈ జన్మకు నేను పెద్దగా కోరిందేమీ లేదు.

మేం సేద్యం చేసుకునేవాళ్ళం. రాయల కాలంలో ఇటు వచ్చి పడ్డామని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆదివారం కోడో మేకో ఉడకని ఇల్లు మా వాళ్ళలో లేదు. అట్లాంటి ఇంట్లో నాకు అయిదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు దిగలేదంట. డాక్టరు మందులిచ్చాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, పసుపు గుడ్డలో పిడికెడు బియ్యం ముడేసి తిరుత్తణి కొండ ఉన్న దిక్కుకు తిరిగి మొక్కింది.

"సామీ, వీణ్ణి నిలబెట్టు. నోరు కట్టి సాకుతాను. పన్నెండో ఏట కావడెత్తించి విప్పిస్తాను."

నోరు కట్టడమంటే నీసు, అంటే మాంసం, చేపలు మాన్పించడం. కట్టేది ఇంట్లో పెద్ద ఎవరైనా కావచ్చు, విప్పడానికి మాత్రం మేనమామే రావాలి. కొండకు కావడి మోసి దిగొచ్చిన మర్నాడు, పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మామ తన కుడిచేత్తో కూర కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టాలి. మామ పెట్టకుండా తింటే మొక్కు చెడిపోతుంది, మొక్కు చెడితే పిల్లవాడికి కీడు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. మా అవ్వ నోట్లో ఉంది, మా ఇంటికి అది చాలు.

జ్వరం దిగింది. డాక్టరు మందుకా, అవ్వ మొక్కుకా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. వంటింట్లో పడమటి మూల నాకు వేరే కుండ, వేరే గరిటె, వేరే కంచం వచ్చాయి. ఒకసారి మా అమ్మ పొరపాటున నా గరిటెను కోడికూరలో పెట్టింది. అవ్వ ఆ గరిటెను బూడిదతో తోమి, పొయ్యిలో ఎర్రగా కాల్చి, చల్లారాక మళ్ళీ తోమి, ఆ పనంతా అయ్యేదాకా అమ్మను తిట్టింది. నాకైతే ఆ గరిటె కాలుతున్నంత సేపూ ఆశ, అది కాలకుండా ఎవరైనా లాక్కుని నా నోట్లో పెడితే బాగుండునని.

ఎందుకంటే నాకు రుచి గుర్తుంది. పుట్టుకతో తినని వాళ్ళకు బాధ లేదు. నేను అయిదేళ్ళు తిన్నవాణ్ణి. నెత్తళ్ళ చేపల పులుసు చింతపండు ఘాటుతో ఉడుకుతుంటే నా నాలుక కింద నీళ్ళూరేవి. ఆదివారం మధ్యాహ్నం అన్నలూ బాబాయి పిల్లలూ నడవలో వరసగా కూర్చునేవాళ్ళు. నన్ను ముందే పిలిచి పప్పుతో తినిపించి బయటికి తోలేసేవాళ్ళు. అక్కడే ఉంటే కూర చూసి ఏడుస్తానని. తలుపు సందులోంచి చూసేవాణ్ణి.

"రేయ్, అయ్యరు చూస్తా ఉండాడు, దిష్టి తగుల్తాది, ఎముక దాచిపెట్టుకోండిరా" అని మా పెద్దన్న కేకేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు కదా.

ఏడాదికి ఒక్క నెల నాకు పండగ. పెరటాశి నెలలో మా వైపు అందరూ పెరుమాళ్ళ పేరు చెప్పి నీసు మానేస్తారు. ఆ నెల్లాళ్ళూ నేను కూడా నడవలోనే వరసలో కూర్చునేవాణ్ణి. అన్నకూ నాకూ అదే పప్పు, అదే వంకాయ పులుసు. అన్న ముఖం మాడ్చుకుని తినేవాడు, నేను రెండోసారి అడిగి పెట్టించుకునేవాణ్ణి. నెల అయిపోయిన మర్నాడే మా ఊళ్ళో మేకల అరుపులు మొదలయ్యేవి. నా కంచం మళ్ళీ మూలకు పోయేది.

పన్నెండో ఏడు కోసం నేను ఎదురుచూసినట్టు ఇంకే పిల్లవాడూ ఎదురుచూసి ఉండడు. డెబ్బైల మొదటి రోజులవి. ఆ ఏడు కొండ మీద ఆడికృత్తిక పండగకు నాకు పచ్చటి పంచె కట్టి, పూలకావడి భుజాన పెట్టారు. మామూలుగా ఆ కావడి ఎత్తి భుజాన పెట్టేది కూడా మామే. మా మామ రాలేదు.

దానికి కారణం చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. ముందు ఏడాది మా చిన్నత్త పెళ్ళిలో మొదటి తాంబూలం మా మామకు అందాల్సింది. ఆయన ఆ ఇంటి కోడలికి, అంటే మా అమ్మకు, తోడబుట్టిన తమ్ముడు. మా నాయన హడావుడిలో పెళ్ళికొడుకు వైపు పెద్దమనిషి చేతిలో పెట్టేశాడు. మామ ఆకు ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కోకుండా పోయి తిరుత్తణి బస్సెక్కాడు. ఆయన ఊరు తిరుత్తణి దాటి చిత్తూరు రోడ్డులో ఉంది. ఆ తర్వాత మా ఇంటి వైపు చూడలేదు. నా కావడికి నాయన ఆయన్ని పిలిచాడు, అదీ ఎలాగ, కార్డు ముక్క రాసి. కుంకుమ తీసుకుని ఇంటికి పోయి పిలవాల్సిన పిలుపు అది.

"కార్డు చాలదా? పిల్లోడి నోటి కాడ గూడా ఆయనకి మర్యాదలేనా?" అన్నాడు నాయన.

"కార్డేసి పిలిస్తే పోస్టుమేనే విప్పతాడు నోరు" అన్నాడంట మామ అక్కడ. ఆ మాట ఇక్కడికి రావడానికి వారం పట్టలేదు.

ఇద్దరూ పంతగాళ్ళే. మధ్యలో ఉన్నది మాత్రం నా నోరు.

కొండ మెట్లెక్కుతున్నంత సేపూ నేను దేవుడి పేరు తలచుకోలేదు. చుట్టూ అరోహరా అని అరుస్తుంటే మామ తలపాగా కోసం వెతికాను. దిగొచ్చాక అవ్వ, "రేపు ఇంటికొస్తాడులే, రాకుండా యాడికి పోతాడు?" అంది. మర్నాడు కోడిని కోశారు. అమ్మ వండింది. నేను తలస్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చున్నాను. రోడ్డు మీద తిరుత్తణి నుంచి వచ్చే ప్రతి బస్సూ మా ఊరి దగ్గర ఆగేది. ఆగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. మధ్యాహ్నం దాటింది. పిల్లలు ఆకలికి గోల పెట్టారు. నాయన, "పెట్టండి వాళ్ళకి" అన్నాడు. నా కోసం కోసిన కోడిని వాళ్ళు తిన్నారు.

నేను గిన్నెలో చెయ్యి పెట్టబోతే అవ్వ చేతి మీద కొట్టింది. కొట్టి, తనే ఏడ్చింది.

"నువ్వు పెట్టెయ్యి అవ్వా. నువ్వే గదా కట్టినావు."

"కట్టేదానికే నాకు చెయ్యుండేది, విప్పేదానికి లేదురా నాయనా. ఓర్చుకో, వస్తాడు."

ఓర్చుకున్నాను. దీపావళికి వస్తాడన్నారు, రాలేదు. పెద్దన్న పెళ్ళికి వస్తాడన్నారు, పెళ్ళికి పిలుపు మళ్ళీ కార్డే. అమ్మ ఒక్కతే ఏడాదికోసారి పుట్టింటికి పోయి, కళ్ళు వాచి తిరిగొచ్చేది. మొగుడి మీద తమ్ముడి దగ్గరా, తమ్ముడి మీద మొగుడి దగ్గరా చెప్పుకోలేని మనిషి ఆమె. ఆ ఏడుపు నా నోటి గురించేనని నాకు తెలుసు. అందుకని ఇంక అడగడం మానేశాను.

ఎప్పుడు ఆశ చచ్చిపోయిందో చెప్పలేను. ఒక ఆదివారం నెత్తళ్ళ పులుసు వాసన వస్తే నాలుక కింద నీళ్ళూరలేదు, కడుపులో తిప్పింది. అప్పుడు నాకు పదహారో పదిహేడో. ఇంట్లో వాళ్ళు సంతోషించారు, పీడా పోయింది, అలవాటు పడ్డాడు అని. నాకు మాత్రం భయమేసింది. తినాలని ఉండీ తినలేకపోతే అది మొక్కు. తినాలని కూడా లేకపోతే అప్పుడు నేనేమిటి?

ఉద్యోగం పట్టాభిరామ్‌లో ఒక చిన్న కార్ఖానాలో దొరికింది. పొద్దున తిరువళ్ళూరులో రైలెక్కి, సాయంత్రం దిగడం. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ రేకుల షెడ్డు కింద చేరి డబ్బాలు విప్పి మధ్యలో పెట్టేవాళ్ళు. ఒకరి చేప ఇంకొకరికి, వాళ్ళ గుడ్డు వీళ్ళకి. నా డబ్బా అడిగి చూసి, నా కులం వాళ్ళకు తెలుసు కాబట్టి, "ఏం సార్, ఇంట్లో గొడవా?" అని అరవంలో నవ్వేవాళ్ళు. మొక్కు కథ మొదట్లో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. తర్వాత విసుగొచ్చి, కడుపులో పుండు, డాక్టరు వద్దన్నాడు అని చెప్పడం మొదలుపెట్టాను. జబ్బంటే జనం నమ్ముతారు, జాలిపడతారు, వదిలేస్తారు. కాస్త దూరంగా ఒక కట్టె స్టూలు మీద కూర్చుని పెరుగన్నం తినేవాణ్ణి.

పెళ్ళి మింజూరు వైపు పిల్లతో అయింది. వాళ్ళ ఇంట్లో చేప లేనిదే ముద్ద దిగదు. పెళ్ళికి ముందు మా వాళ్ళు నా సంగతి చెప్పలేదు. మూడో రోజు అత్తగారింట్లో ఎండ్రకాయల పులుసు వడ్డిస్తుంటే ఆకు మీద చేతులు అడ్డం పెట్టాను. అత్త గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నా భార్య తల వంచుకుంది. ఇంటికొచ్చాక అడిగింది.

"మీకు తినాలని లేదా, తినగూడదా?"

"తినగూడదు. మా మామ విప్పలేదు."

"మరి పోయి విప్పించుకోండి. యాడుండాడు ఆయన, అమెరికాలోనా? తిరుత్తణి పక్కనే గదా."

అంత తేలిగ్గా ఆ మాట ఎవరూ అనలేదు అంతవరకు. నాకు కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. తనేమీ రాద్ధాంతం చెయ్యలేదు. మేం వేరు కాపురం పెట్టిన ఇంటి పెరట్లో రేకు వేయించుకుని, అక్కడ ఒక పొయ్యి పెట్టుకుని, ఆదివారాలు అక్కడే వండుకుని అక్కడే తినేది. నాకు ముందు గదిలో వడ్డించి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళేది. వాసన రాకూడదని. ఆ తలుపు వేయడం ప్రేమతోనేనని తెలిసీ, అది మూసుకుంటుంటే నాకు ఎవరో నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేస్తున్నట్టుండేది.

కూతురు పుట్టింది. దానికి పళ్ళొచ్చాక అది కూడా పెరట్లోకి పోయింది. చేపముల్లు తీసి పెడుతూ నా భార్య చెప్పే కబుర్లు, పిల్ల నవ్వు తలుపు ఇవతలకు వినిపించేవి. పెరటాశి నెలలో మాత్రం ముగ్గురం కలిసి తినేవాళ్ళం. ఒకసారి, దానికి నాలుగేళ్ళప్పుడు, నా పక్కనే కూర్చుని పప్పన్నం కెలుకుతూ, "అమ్మా, ఈ నెల ఎప్పుడైపోతాది?" అని అడిగింది. పిల్ల మాట, పట్టించుకోకూడదు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

ఎనభైల చివర్లో, అవ్వ పోయి ఏడాది దాటాక, మామకు పక్షవాతం వచ్చిందని కబురొచ్చింది. కుడి పక్క పడిపోయింది. అమ్మ పోయి చూసి వచ్చింది. వచ్చి, చాలా ఏళ్ళ తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది.

"నిన్ను తీసుకురమ్మన్నాడురా. 'వాడి నోరు నా చేతిలో ఉండిపోయె అక్కా, చేయి ఇట్ల పడిపోయె' అని ఒకటే ఏడ్చినాడు."

నాయన అరుగు మీద కూర్చుని విన్నాడు. వద్దనలేదు. పొమ్మనీ అనలేదు.

ఒక ఆదివారం నేను, భార్య, బిడ్డ, అమ్మ తిరుత్తణి రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో మామ ఊరికి పోయాం. ముప్పై ఏళ్ళ మగవాణ్ణి, ఉద్యోగస్థుణ్ణి, పన్నెండేళ్ళ పిల్లవాడిలాగా తలస్నానం చేసి కొత్త చొక్కా వేసుకున్నాను. నా భార్య అది చూసి నవ్వలేదు. బస్సులో నా చెయ్యి పట్టుకుంది.

మామ నులక మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నేను వెతికిన తలపాగా మనిషి కాదు. నోరు ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వస్తోంది. నన్ను చూడగానే ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మామ భార్య, మా అత్త, అప్పటికే వండి పెట్టింది. నాటుకోడి. ఒళ్ళో కూర్చోలేను కదా, మంచం పక్కన కింద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించాను. ఎడమ చేత్తో పెట్టకూడదు. అత్త ఆయన కుడి చేతిని ఎత్తి పట్టుకుంది, వేళ్ళ మధ్య ముద్ద పెట్టి, ఆ వేళ్ళ చుట్టూ తన వేళ్ళు మూసి, నా నోటి దగ్గరికి తెచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా బిడ్డ, "తిను నాయనా, బాగుంటాది" అంది.

నోరు తెరిచాను. ముద్ద లోపలికి పోయింది. రెండుసార్లు నమిలాను. మింగాలి, అంతే. నేను ప్రయత్నించలేదని ఎవరూ అనకూడదు. కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి, ఇరవై అయిదేళ్ళ ఎదురుచూపునంతా గొంతులో పెట్టి మింగబోయాను. కడుపు ఒక్కసారి పైకి లేచింది. పొద్దున తిన్న ఇడ్లీతో సహా అంతా వాంతి అయింది, మామ పంచె మీద, పాదాల మీద.

నా భార్య బకెట్లో నీళ్ళు తెచ్చి నేల కడగడం మొదలుపెట్టింది. మామ నన్నే చూస్తున్నాడు.

"ఇంకా కోపం పోలేదా నాయనా?" అన్నాడు.

"కోపం కాదు మామా. కడుపు ఒప్పుకోలా. నాకు నీ మీద ఏ కోపమూ లేదు."

ఆయన నమ్మలేదు. నమ్మలేదని నాకు కనిపిస్తూనే ఉంది. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. సాయంత్రం మేం బయల్దేరేటప్పుడు కూడా తిప్పలేదు. నెల తిరక్కుండా పోయాడు. తన కోపాన్ని ఎన్నేళ్ళు మోశాడో అన్నేళ్ళు నాకూ ఉందనుకునే పోయాడు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నాకు ఎవరూ లేరు.

పూజారిని అడిగితే, మొక్కు తీరిపోయింది, మామ చేతి ముద్ద నోట్లో పడింది కదా, మింగాలన్న నియమం లేదు అన్నాడు. అంటే ఇప్పుడు నేను ఏమైనా తినొచ్చు. దేవుడికి అభ్యంతరం లేదు, అవ్వకు లేదు, మామకు లేదు. ఎవరూ నా నోరు పట్టుకుని లేరు. ఇది తెలిసిన రోజు నేను కార్ఖానాకు పోలేదు. ముందు గదిలో చాప మీద పడుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్ళూ మామ వస్తాడని ఒకటుండేది. ఇప్పుడు ఎవరు రావాలి?

ఆ తర్వాత వచ్చిన రెండో ఆదివారం. నా భార్య వడ్డించి తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది. రెండు ముద్దలు తిన్నానో లేదో తలుపు తోసుకుని బిడ్డ వచ్చింది. చేతిలో దాని చిన్న కంచం. అందులో నా పప్పు, నా బీరకాయ. వచ్చి నా పక్కన చాప మీద మఠం వేసుకుని కూర్చుంది.

"నేను గూడా నోరు కట్టేసుకున్నా నాయనా. సామికి చెప్పేసినా. నువ్వు ఒక్కడివే తినొద్దు."

ఆరేళ్ళ పిల్ల. నా జన్మంతా నేను కోరుకున్నది అదే, పక్కన ఒకరు. దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాల్సింది. నాకు పడమటి మూలలో నా కంచం గుర్తొచ్చింది. రెక్క పట్టుకుని లేపాను, పెరట్లోకి ఈడ్చుకుపోయాను. నా భార్య, "ఏమైందయ్యా, పిల్లను విడువు" అని అరుస్తూ లేచింది. గిన్నెలో చెయ్యి పెట్టాను. అయిదో ఏటి తర్వాత నేను మాంసాన్ని చేత్తో ముట్టి ఎరగను. ముద్ద చేసి, దాని దవడ పట్టుకుని, నోట్లో కుక్కాను. మేనమామ చెయ్యి కాదు కదా, కీడుంటే నాకే రానీ అనుకున్నాను.

"మింగు. మింగుతావా లేదా? ఇంకెప్పుడన్నా సామికి అట్లాంటి మాట చెప్పినావంటే చంపేస్తాను."

అది మింగింది. కళ్ళ నిండా నీళ్ళతో, నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండా మింగింది. నేను దొడ్డి వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను. తిరిగొచ్చేసరికి అది వాళ్ళమ్మ కొంగులో మొహం దాచుకుని ఉంది. పిలిస్తే రాలేదు. నాకు భయపడి ఆ రోజు నుంచి పెట్టిందల్లా తింది, ఇంకెప్పుడూ నోరు కట్టుకోలేదు. పెరటాశి నెలలో కూడా నా పక్కన కూర్చుని అన్నం తినలేదు.